అన్నములోని వేడిని కొలిచినవారు

ధాతనామ సంవత్సరపు కరువు బళ్లారి, కర్నూలు, కడప మండలములను దహించుచున్న కాలమున, వ్యయము తగ్గింపవలసినదని భారత ప్రభుత్వము పంపగా 1877 జనవరిలో మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, కరువుపనులలో కంకర గొట్టు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, పైని ఉప్పు మిరపకాయలకై కొంత చిల్లరయు ఇచ్చిన చాలునని నిర్ణయించెను. అది చాలదని మద్రాసు పారిశుద్ధ్యశాఖాధిపతియైన డాక్టరు కార్నిష్ గట్టిగ వాదించెను. ఈ రాజధానిలోని ప్రజల తిండిని గూర్చియు, జిల్లా కారాగారములలో ఖైదీలకు పెట్టు కూడును గూర్చియు 1863 నాటికే నివేదిక వెలువరించినవాడగుటచే, నేరముచేసినవానికి పెట్టునది నేరమెరుగక ఎండలో రాళ్ళు మోయువానికి ఇచ్చుదానికంటె మెరుగుగ నున్నదని చూపుటకు ఆయనకు ఆధారములు కొదువలేదు. అయినను ఆ వాదమంతయు బరువుమీదను వెలమీదనే నడచినది. పౌను బియ్యమునందు పనిచేయించు శక్తి ఎంత, రాళ్ళుగొట్టువాని దేహము సాయంకాలమునకు ఖర్చుపెట్టు శక్తి ఎంత అను రెండు ప్రశ్నలను ఒకే కొలమానముపై నిలిపి తేల్చుటకు ఇరువురికిని సాధనము లేకుండెను. నేటి పట్టికలను బట్టి లెక్కించినచో పౌను బియ్యమున సుమారు 1,560 కెలోరీలు గలవు. కంకర గొట్టు పురుషునకు అందుకు రెట్టింపైనను చాలదు. ఈ చిన్న గుణకారము 1877లో ఎవరైనను చేయగలిగియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచియుండెడివో చెప్పజాలము; దయలేని ఖజానా అంకెను చూచి కరుగునన్న నమ్మకము నాకంతగ లేదు.

ఆ గుణకారమునకు కావలసిన తొలిసూత్రము మాత్రము అప్పటికి నూరేండ్ల క్రిందటనే పారిసు నగరమున దొరికినది. 1782–83 శీతకాలమున లవోయిజే, లాప్లాసు అను నిరువురు పండితులు గోడలనడుమ మంచుగడ్డలు కూరిన ఒక పాత్రను చేయించి, దానిలో ఒక గినీపందిని పదిగంటలసేపుంచి, దాని దేహపువేడికి కరగి క్రిందికి జారిన నీటిని తూచిరి. పదమూడు ఔన్సుల మంచు కరగినది. ఆ జంతువు విడిచిన అంగారవాయువెంతో, అంతే వాయువు వెలువడునట్లు బొగ్గును కాల్చి చూడగా కరగిన మంచు అందుకు కొంత తక్కువయేగాని, రెండంకెలును ఒకదాని చెంతనే మరియొకటి యుండెను. శ్వాసయనగా మంటలేని నెమ్మదియగు దహనమే యని వారు నిశ్చయించిరి. మన పెద్దలు జఠరాగ్నియని అనాదిగ పిలుచుచున్నదానికి కొలతయన్నది అదే మొదటిసారి దొరకుట. మనుష్యుని శ్వాసను కొలుచు ప్రయోగములను లవోయిజే 1790 ప్రాంతమున ఆరంభించెను గాని, పూర్తిగావింపక పూర్వమే, 1794 మే 8వ తేదీన, విప్లవప్రభుత్వమువారు ఆయన తల నరికించిరి.

తరువాతి నూరేండ్ల చరిత్రను వడివడిగ దాటవచ్చును. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు వలయు ఉష్ణమును కెలోరీ యనుట ఫ్రాన్సున ఆవిరియంత్రముల పాఠములలో మొదలై, తిండికి సంక్రమించినది. 1866లో ఎడ్వర్డు ఫ్రాంక్లాండు లండనులో రొట్టె, మాంసము, జున్ను మొదలగువానిని యంత్రములో కాల్చి ఒక్కొక్కదాని ఉష్ణమును ప్రకటించెను. 1881లో బెర్తెలో అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు బాంబు కెలోరిమీటరును నిర్మించెను. దళసరి ఉక్కుపాత్రలో ఎండబెట్టిన ఆహారపుముక్కను ఉంచి, అధికపీడనముతో ప్రాణవాయువును నింపి, విద్యుత్తుచే దానిని భగ్గున మండించి, పాత్రచుట్టునున్న నీరు ఎంత వేడెక్కినదో చూచుటయే దాని పని. పేరు భయంకరమైనను పని మిక్కిలి శాంతమైనది. ఇక జర్మనీలో మాక్సు రూబ్నరు ఒక కుక్కను కెలోరిమీటరులో నుంచి, అది తిన్నదాని లెక్కకును, విడిచిన వేడి లెక్కకును పొందిక కలదని 1894లో చూపెను. నేడు పట్టణములలో పలువురు చేతిఫోనులో పూటపూటకు చూచుకొను అంకె పుట్టినది మాత్రము అమెరికాలో, ఒక కళాశాలాభవనపు నేలమాళిగలో.

విల్బరు ఓలిన్ ఆట్‌వాటరు 1844లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, మొక్కజొన్నల రసాయనసంయోగమును పరిశోధించి యేలు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, జర్మనీకి పోయి మ్యూనిచ్చిలో కార్ల్ వోయిట్టు దగ్గర పనిచేసి వచ్చినవాడు. కనెక్టికటు రాష్ట్రములోని మిడిల్‌టౌనున వెస్లియను విశ్వవిద్యాలయమందు ఆచార్యుడుగ నుండి, ఎడ్వర్డు రోసా అను భౌతికశాస్త్రజ్ఞుని సాయముతో మనుష్యుడు కాపురముండదగిన కెలోరిమీటరును కట్టించెను. దానిని గది యనుటకంటె పెట్టె యనుట మేలు: ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నిలువున మనుష్యుడు నిలుచుటకు మాత్రము చాలినంత ఎత్తు. లోపలిగోడ రాగిరేకు, దానివెలుపల తుత్తునాగపురేకు, ఆవలను గాలి కదలని సందులు విడిచి కఱ్ఱగోడలు. లోగోడకును వెలిగోడకును వేడిలో ఈషణ్మాత్రము భేదము గలిగినను పసిగట్టు విద్యుత్సాధనములుండెను. భేదము కనబడినంతనే వెలిగోడను వేడిచేసియో చల్లబరచియో సరిదిద్దుచుందురు. అందుచే లోపలి మనుష్యుని వేడి గోడగుండ జారిపోవుటకు వీలులేదు. అది ముఖ్యముగ పోవుదారి యొక్కటియే: లోపల చుట్టుద్రిప్పిన గొట్టములలో పారు చల్లనినీరు. నీరు లోనికి పోవునప్పటి వేడియెంత, వెలికి వచ్చునప్పటి వేడియెంత, పారిన నీటి బరువెంత అని పరిచారకులు రాత్రింబగళ్ళు వంతులవారీగ కూర్చుండి వ్రాసికొనుచుండిరి.

లోపలివానికి మడతమంచము, కుర్చీ, బల్ల. ఒక చిన్న కిటికీ. రెండుమూతలు గల సన్నని ద్వారముగుండ భోజనము లోనికి పోవును, మలమూత్రములు వెలికి వచ్చును. లోనికి పంపిన ప్రతి రొట్టెముక్కకును జోడుగా మరియొక ముక్కను తూచి బాంబులో కాల్చుదురు; వెలికి వచ్చినదానిని సైతము ఎండబెట్టి కాల్చుదురు. కొన్ని దినములు అతడు ఊరక చదువుకొనుచు పడుకొనుచు నుండవలెను. మరికొన్ని దినములు నిలిపియుంచిన సైకిలును గంటలతరబడి తొక్కవలెను. వారముపైబడిన ప్రయోగములును కలవు. 1896లో మొదలుపెట్టి ఏండ్ల తరబడి ఇట్లు చేసిన లెక్కలన్నిటిని కూడగా, లోనికి పోయిన శక్తికిని వెలికి వచ్చిన శక్తికిని సగటున నూటికి ఒక పాలైనను భేదము తేలలేదు. తిండి లెక్కల చరిత్రలో ఇంత కచ్చితమైన లెక్క అంతకు మునుపు లేదు. సామాన్యుని యింట తరువాతనైనను లేదు; అచ్చట రాగిగోడలును, రాత్రి మేల్కొను పరిచారకులును ఉండరు గదా!

ఆట్‌వాటరు ఇంతటితో ఆగియుండినచో ఆయన పేరు శాస్త్రజ్ఞులకు మాత్రమే తెలిసియుండెడిది. ప్రతివాని భోజనమును బాంబులో కాల్చలేము గనుక, కాల్చకయే లెక్కగట్టు ఉపాయము కావలసివచ్చినది. మాంసకృత్తులు ఒక గ్రాము బాంబులో కాలినచో సుమారు 5.65 కెలోరీలు వచ్చును; కాని దేహము వానిలో నూటికి 92 పాళ్ళే జీర్ణించుకొనును, జీర్ణించుకొన్నదానిలోను కొంత యూరియా రూపమున మూత్రముతో పోవును; పోగా మిగులునది 4. క్రొవ్వు 9.4 అయినను జీర్ణమగుపాలు 95 గనుక 8.9, నిండించిన 9. పిండిపదార్థము 4.15లో 97 పాళ్ళు, అనగా 4. ఈ నాలుగు, తొమ్మిది, నాలుగు అను మూడంకెలు నేటికిని ప్రపంచమందలి బిస్కత్తుపొట్లము లన్నిటిమీదను అదృశ్యముగ ముద్రితములై యున్నవి. మరువరానిదేమనగా, ఇవి ఆనాటి అమెరికను మిశ్రమభోజనమున, అన్ని వస్తువులు కలిసినప్పుడు తేలిన సగటులు. ఏ ఒక్క వస్తువునకును ఇవి చెల్లునని ఆట్‌వాటరు ప్రమాణము చేయలేదు.

సగటు అంతటితో ఆగినదా? మాంసకృత్తులను నేరుగ ఎవరును తూచరు. డెన్మార్కున కార్ల్స్‌బర్గు బీరు కర్మాగారపు ప్రయోగశాలలో యోహాను కెల్డాలు 1883లో కనిపెట్టిన పద్ధతిచొప్పున నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చవేయుదురు. పిండిపదార్థమును సహితము నేరుగ కొలువక, నీరు, మాంసకృత్తులు, క్రొవ్వు, బూడిద యను నాలుగింటిని నూటినుండి తీసివేయగా మిగిలినదెల్ల అదేయని వ్రాసికొనుట ఆనాటి వాడుక. జీర్ణముకాని పీచుకూడ ఆ మిగులులోనే చేరిపోవును. ఇట్టి అంకెల పునాదిమీద 1896లో ఆట్‌వాటరును ఆయన సహాయకుడును అమెరికను ఆహారద్రవ్యముల పట్టికను ప్రభుత్వపు బులెటినుగ ప్రకటించిరి. తరువాతి పట్టికలెల్ల దాని సంతానమే.

ఆట్‌వాటరు ఉద్దేశము పేదకూలివానికి మేలుచేయవలెననియే. పది సెంట్లకు ఏ తిండి కొన్నచో ఎక్కువ శక్తి వచ్చునో చెప్పినచో, కార్మికుని సంసారము గట్టెక్కునని ఆయన భావించెను. ఆ దృష్టితో చూచినప్పుడు ఆకుకూరలు, పండ్లు దుబారాగ తోచినవి; విటమినుల సంగతి అప్పటికి లోకమెరుగదు. 1907లో ఆయన గతించెను. మరి పదునొకండేండ్లకే ఆ విద్య తలక్రిందులైనది. 1918లో లాస్ ఏంజెలెసు వైద్యురాలు లులు హంట్ పీటర్సు ఒక చిన్నపుస్తకము వ్రాసి, ఇకమీదట రొట్టెముక్క యనరాదు, నూరు కెలోరీల రొట్టె యనవలెనని స్త్రీలకు బోధించెను. పుస్తకము విపరీతముగ అమ్ముడుపోయినది. తక్కువ సొమ్ముతో ఎక్కువ కెలోరీలు సంపాదించుటకు పుట్టిన పట్టిక, ఎక్కువ సొమ్ము గలవారు తక్కువ కెలోరీలు తినుటకు ఉపకరింపసాగినది. ఈనాటికిని అది ప్రధానముగ ఆ కొలువే చేయుచున్నది.

పట్టికలు పెరిగినకొలది వానిలోని తప్పులను పట్టువారును వచ్చిరి. వారిలో నాకు మిక్కిలి ఇష్టురాలు ఎల్సీ విడోసను. ఆపిలుపండ్లలోని చక్కెరలను గూర్చి పరిశోధించిన ఈ యువతి, 1933లో లండనులోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రి వంటశాలలో మాంసము ఉడికినప్పుడు ఏమేమి నష్టమగునో పరీక్షించుచున్న డాక్టరు మెకాన్సును కలసికొని, పండ్ల చక్కెరను గూర్చి ఆయన అచ్చువేయించిన అంకెలు తక్కువగ నున్నవనియు, ఆమ్లముతో కాచునప్పుడు ఫలశర్కర కొంత నశించుటయే అందుకు కారణమనియు నిర్మొగమాటముగ చెప్పెను. ఆయన కోపింపక, తప్పు దిద్దుకొనుటకు ఆమెకు వేతనము ఏర్పాటుచేయించెను! ఇరువురును కలిసి 1940లో వెలువరించిన పట్టికలలో పచ్చివస్తువులతోబాటు వండిన వంటకములును చోటుచేసికొనెను. వారి స్నేహము అరువదియేండ్లు సాగినది. తిండిని ఎవరు తిందురో, ఏ రూపమున తిందురో ఆ రూపమున తూచవలెనను బుద్ధి పట్టికలకు అలవడుటలో ఈ దంపతులుగాని జంటకు పెద్దపాలు గలదు.

మనదేశమున ఈ విద్యకు నీలగిరులలోని కూనూరు పుట్టినిల్లు. అచ్చటి పాస్తూరు సంస్థలో 1918లో రాబర్టు మెకారిసను బెరిబెరి వ్యాధిని గూర్చిన విచారణను ఒకే యొక గదిలో ప్రారంభించెను. ఆ వ్యాధికిని మన సర్కారు జిల్లాలకును పాత చుట్టరికము కలదు. 1835లోనే మాల్కంసను అను వైద్యుడు ఉత్తర సర్కారులలోని బెరిబెరిని గూర్చి మద్రాసులో గ్రంథము ప్రచురించెను. 1935లో కూనూరు ప్రయోగశాలలకు అధిపతిగ వచ్చిన ఎక్రాయిడ్, ఆ వ్యాధి ముఖ్యముగ సర్కారు జిల్లాలనే ఏల పట్టుచున్నదను చిక్కును చక్కగ విడదీసెను. తక్కిన దక్షిణదేశమున పేదలు ఉప్పుడుబియ్యము తిందురు. వడ్లను ఉడికించునప్పుడు తవుడులోని విటమిను గింజలోనికి ఇంకును గనుక మరపట్టినను అది పోదు. సర్కారు జిల్లాలవారికి పచ్చిబియ్యమే ప్రీతి. మర దానిని తెల్లగ చేయును, ఇల్లాలు దానిని పలుమార్లు కడుగును, ఆపై గంజి వార్చును. రెండు బియ్యములలోను కెలోరీలు ఇంచుమించు ఒక్కటే. ఒకటి తిన్నవాడు నడచుచుండును, రెండవది తిన్నవాని కాళ్ళు పడిపోవును. కెలోరీ యెంత కచ్చితముగ తేలినను అది చెప్పలేని మాట ఒకటున్నదని ఆంధ్రతీరపు పల్లెలు ఇట్లు సాక్ష్యమిచ్చినవి.

ఎక్రాయిడ్ 1937లో భారతీయాహారముల పోషకవిలువలను చూపు 23వ సంఖ్య గల ఆరోగ్య బులెటినును ప్రకటించెను. మన రాగులకును, జొన్నలకును, తోటకూరకును, కందిపప్పునకును అంకెలు ఏర్పడినవి. 1958లో ఆ ప్రయోగశాలలు కొండదిగి హైదరాబాదునకు వచ్చి తార్నాకలో స్థిరపడెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. గోపాలను, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యనులు 1971లో ఆ బులెటినును విస్తరించి ప్రకటించిన గ్రంథము ఆసుపత్రులలోను, గృహవిజ్ఞాన కళాశాలలలోను రెండుతరములవారికి పారాయణగ్రంథమైనది. దాని చివర ఒక్కొక్క వస్తువునకును తెలుగు మొదలగు దేశభాషలలోని పేర్లను గూర్చుట మెచ్చదగిన పని. కూరలబుట్ట ముందుపెట్టుకొని పట్టికను వెదకువారి యిబ్బంది ఎరిగినవారే అట్లు చేయుదురు. అందులో నూరు గ్రాముల పచ్చిబియ్యమునకు 345 కెలోరీలు. 2017లో అదే సంస్థ, దేశమును ఆరు ప్రాంతములుగ విభజించి నమూనాలు తెప్పించి, 528 ఆహారములను క్రొత్తగ పరీక్షించి ప్రకటించిన పట్టికలలో ఆ యంకె కిలోజౌళ్ళలో 1,491; కెలోరీలలోనికి మార్చినచో 356. బియ్యము మారినదా, కొలుచువిధము మారినదా యని తగవులాడుట కంటె, నూటికి మూడుపాళ్ళ భేదము ఈ విద్యకు సహజమని ఒప్పుకొనుట ఉచితము.

ఏలయన ఇంటిలో జరుగు భేదము దానికి పదిరెట్లుండును. మనవారు గిద్దె, సోల, తవ్వ, మానిక యని పాత్రతో కొలిచిరేగాని త్రాసుతో తూచినవారు కారు. రాశిపోసి కొలిచిన సోలకును తలగొట్టి కొలిచిన సోలకును గల తారతమ్యము కోమటియింట అప్పు తెచ్చుకొన్న ప్రతివానికిని తెలియును. త్రాసు వచ్చిన తరువాత వేరొక చిక్కు వచ్చిపడినది. బియ్యము ఉడికినప్పుడు నీరుపీల్చి రెండున్నర మొదలు మూడురెట్ల బరువగును. కంచములోని నూరు గ్రాముల అన్నమును తూచి, పట్టికలోని నూరు గ్రాముల బియ్యపు అంకెను దానికెదురుగ వ్రాసికొన్నవాడు ఒక్క తప్పుతో తన భోజనమును మూడింతలు చేసికొనును. నూనె విషయమున తప్పు ఎదురుదిక్కుగ నడచును. పోపునకు గరిటె వంచి పోసిన నూనె గ్రాము ఒకటికి తొమ్మిది కెలోరీలు. వేపుడు చేసిన మూకుడులో అడుగున మిగిలినదెంత, ముక్కలు పీల్చినదెంత అని చూడక, దొండకాయ బరువును మాత్రము వ్రాసికొని సంతోషించువారు అనేకులు.

మూడంకెల సూత్రముకూడ ఒక్కొక్క వస్తువుదగ్గర తడబడుచునే యుండెను. 1955లో మెరిలు, వాటు అను నిరువురు అమెరికను స్త్రీలు వస్తువులవారీగ వేరువేరు గుణకములను లెక్కించి ఇచ్చిరి. 2012లో మేరీలాండులోని బెల్ట్స్‌విల్లు ప్రభుత్వ పరిశోధనశాలలో మనుష్యులకు బాదంపప్పు పెట్టి పరీక్షింపగా, పాతలెక్కచొప్పున సుమారు 170 కెలోరీలు గల పిడికెడు పప్పు దేహమునకు 129 మాత్రమే ఇచ్చినదని తేలెను. గట్టిగింజలోని కణపుగోడలు పగులక నూనెతోసహా పేగుల దాటిపోవుటయే కారణము.

పట్టిక తప్పులు నూటికి అయిదో, పదియో, బాదమువంటి చోట ముప్పదియో. జ్ఞాపకపు తప్పులు వీనినెల్ల మించినవి. మిన్నెసోటాలో నాథను లిఫ్సను బరువైన ఉదజని, బరువైన ప్రాణవాయువులు గల నీటిని త్రాగించి, అవి దేహమునుండి పోవు వేగమునుబట్టి ప్రాణి ఖర్చుచేసిన శక్తిని తెలిసికొను విధానమును 1955లో ఎలుకలపై సాధించెను; 1982 నుండి అది మనుష్యులకును వచ్చినది. ఆట్‌వాటరు పెట్టెలో బంధింపనక్కరలేకయే మనుష్యుని లెక్క ఈ నీరు చెప్పును. 1992లో న్యూయార్కు వైద్యులు, ఎంత తక్కువ తిన్నను బరువు తగ్గుటలేదని మొరపెట్టువారిని ఈ నీటితో పరీక్షింపగా, వారు తాము తిన్నదానిని సగటున నూటికి 47 పాళ్ళు తక్కువగ చెప్పుచుండిరని బయటపడెను. వారు అబద్ధీకులు కారు. వ్రాసికొనుట యందు శ్రద్ధగలవారే.

ఈ సంగతి ఎరిగియే కాబోలు, కూనూరునుండి బయలుదేరి పల్లెలలో ఆహారసర్వేలు చేసిన తొలివారు ఎవరిని ఏమి తింటివని అడుగక, తూకము పట్టుకొని పొయ్యిదగ్గరకే పోయి, ఇల్లాలు కడుగకముందు బియ్యమును, తరుగకముందు కూరను తూచి, ఇంటిలోని వారి వయస్సును పనిని బట్టి పంచి లెక్కించిరి. 1972లో హైదరాబాదు కేంద్రముగ జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఏర్పడిన తరువాత, ప్రతియింటను దినములతరబడి కూర్చుండుటకు వీలుగాక, గడచిన యిరువదినాలుగు గంటల తిండిని అడిగి తెలిసికొను పద్ధతిని గైకొనిరి. అందుకుగాను కొలతవేసిన గిన్నెలను సంచిలో వేసికొనిపోయి, ముందుగ వంటచేసినామెచేత ఆ దినమున ఎసటిలో పోసిన బియ్యమెంత, పప్పెంత, నూనెయెంత అని చెప్పించి, ఉడికిన కూర మొత్తమెన్ని గిన్నెలైనదో ఆమె పాత్రలోనే నీరుపోసియైనను కొలిచి, ఆపైని పిల్లవానికి వడ్డించినది ఏ గిన్నెడో, పెనిమిటికి వడ్డించినది ఏ గిన్నెడో చేతికిచ్చి చూపింపుమనెడివారు. పచ్చిసరకు మొత్తమును ఉడికినదాని మొత్తముతో భాగించి, వడ్డించినదానితో హెచ్చవేసినచో ఒక్కొక్కరి పాలు తేలును. ఇంటిలో తన తిండి లెక్క సరిగ తెలిసికొనగోరువానికిని ఇంతకంటె నమ్మదగిన దారి ఇంకొకటి కనబడదు. కుండలో పోయకముందు ఒకసారి, దించిన తరువాత ఒకసారి తూచుకొని, గరిటెనూనెను మరువక వ్రాసికొన్నచో, పట్టికలోని మూడుపాళ్ళ భేదమును గూర్చి వగవవలసిన పనిలేదు.